గుంటూరు నుంచి హైదరాబాద్ పోవాలంటే వందేళ్ళు బెజవాడ మీదుగానే ఎందుకు తిరగాల్సి వచ్చింది

తమ్ముడు రెండు ముక్కలు అడిగాడు. ఒకటి, గుంటూరు నుంచి నడికుడి మీదుగా సికింద్రాబాద్ పోయే లైను ఇంకా సింగిల్ లైనుగానే ఎందుకుంది, బండి ఎక్కడ పడితే అక్కడ ఆగిపోతుంది అని. రెండోది, వాళ్ళ ఫ్రెండ్ "ఇంగ్లీషోళ్ళు రైళ్ళు ఇచ్చిపోబట్టి సరిపోయింది, లేకపోతే మనకి ఇవి కూడా ఉండేవి కాదు" అన్నాడంట, అది నిజమేనా అని. నాకైతే రెండూ ఒకే ప్రశ్న అనిపించింది, అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నా, తీరిగ్గా చదవండి.

నేను 1978లో బెజవాడ యార్డులో ట్రైన్స్ క్లర్కుగా చేరా, తర్వాత గార్డునయ్యా, 2014లో రిటైరయ్యా. మా నాన్న గుంటూరులో ట్రాన్షిప్‌మెంట్ షెడ్డు హమాలీ. అదేం పనో ఇప్పటి పిల్లలకి తెలియదు, కిందకొచ్చాక చెప్తా, అసలు కథంతా అక్కడే ఉంది.

మన తెలుగు నేల మీద మొదట పట్టాలు పడింది జనం కోసం కాదు. 1845లో ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్టకి రాళ్ళు తోలడానికి వేసిన చిన్న లైను అది. మద్రాసులో అంతకుముందే, 1837లో, రెడ్ హిల్స్ నుంచి రోడ్లకి రాయి తోలడానికి ఒకటి వేశారు. 1853 ఏప్రిల్ 16న బొంబాయి బోరీబందర్ నుంచి థానేకి 34 కిలోమీటర్లు నడిచిందే మొదటి రైలు అని అందరం చదువుకున్నాం కదా, అది మొదటి ప్యాసింజరు బండి. మన దక్షిణాదికి వచ్చేసరికి 1856 జులై 1న మద్రాసు రాయపురం నుంచి వాలాజా రోడ్డుకి.

ఇప్పుడు డబ్బు సంగతి, ఎందుకంటే "ఇచ్చారు" అనే మాట తేలేది ఇక్కడే. 1849లో కుదిరిన మొదటి ఒప్పందాల్లో ఏముందంటే, లండన్‌లో కంపెనీ పెట్టి షేర్లు అమ్ముతారు, ఇక్కడ భూమి సర్కారు ఉచితంగా 99 ఏళ్ళ లీజుకిస్తుంది, పెట్టిన పెట్టుబడి మీద ఏటా 5 శాతం దాకా గ్యారంటీ, లైను సంపాదించినా సంపాదించకపోయినా సరే. సంపాదన తగ్గితే ఆ తరుగు ఎక్కడి నుంచి పూడ్చాలి? ఇక్కడి శిస్తుల్లోంచి. అంటే పల్నాటి రైతు కట్టిన భూమి శిస్తులోంచి కూడా, ఆ రైతు జన్మలో రైలు చూడకపోయినా. నష్టమొస్తే మనది, లాభం 5 శాతం దాటితే సగం కంపెనీది. ఇలాంటి ఏర్పాటు ఉన్నప్పుడు పొదుపు ఎవరు చేస్తారు చెప్పండి, మైలుకి 18 వేల పౌండ్ల దాకా అయింది ఆ మొదటి లైన్లకి. పైగా వడ్డీ పౌండ్లలో కట్టాలి, 1873 తర్వాత వెండి ధర పడిపోయి రూపాయి విలువ తగ్గేసరికి అదే వడ్డీకి ఇంకా ఎక్కువ రూపాయలు పోసేరు. మొత్తం రైల్వేల మీద సర్కారుకి నికరంగా లాభం కనపడింది 1900 ప్రాంతంలో, అప్పటికి దేశంలో దాదాపు 40 వేల కిలోమీటర్ల లైను పడిపోయింది. దీన్ని బహుమతి అంటే నేను ఒప్పుకోను, మనం అరువుకి కొని వడ్డీతో సహా తీర్చిన వస్తువు అది.

సామాను కూడా అక్కడిదే. బెజవాడలో మేమున్న పాత క్వార్టర్స్ దగ్గర ఒక షెడ్డు ఉండేది, దాని స్తంభాలు పాత రైలు పట్టాలే, నిలువుగా పాతేసి పైన రేకులేశారు. ఎన్నిసార్లు రంగేసినా ఒక పట్టా నడుము మీద అక్షరాలు ఉబ్బెత్తుగా తెలిసేవి, చేత్తో తడిమితే ఇంగ్లండు కంపెనీ పేరు, పక్కన 18తో మొదలయ్యే సంవత్సరం. నా చిన్న కూతురు అంకెలు నేర్చుకుంది ఆ స్తంభం మీద వేలు పెట్టే. పట్టా అక్కడిది, ఇంజనూ అక్కడిదే. 1947లోపు ఇంగ్లండు నుంచి మనకి దిగిన ఆవిరి ఇంజన్లు 12 వేల పైమాటే, ఇక్కడ తయారైనవి 700కి అటూ ఇటూ. అలాగని మనవాళ్ళకి చేతకాక కాదు, 1895లోనే అజ్మీరు వర్క్‌షాపులో పూర్తి ఇంజను చేసి చూపించారు. చేతనైన వాళ్ళ చేత చేయించలేదు, అంతే.

సరే బెజవాడకొద్దాం. బెజవాడ జంక్షన్ ఎవరో కూర్చుని ఆలోచించి పెట్టింది కాదు, మూడు వేరు వేరు అవసరాలు కృష్ణ ఒడ్డున వచ్చి ఒకచోట గుద్దుకున్నాయి, అలా పుట్టింది.

మొదటిది గుంతకల్లు నుంచి. సదరన్ మరాఠా కంపెనీ వాళ్ళు బళ్ళారి, గుంతకల్లు, నంద్యాల, కంభం, గుంటూరు మీదుగా తాడేపల్లి దాకా 1880ల చివర్లో, 1890కి పూర్తయ్యేట్టు మీటర్ గేజి, అంటే పట్టాల మధ్య ఒక మీటరే ఉండే చిన్న లైను, లాక్కొచ్చారు. నల్లమల మధ్యలోంచి, దొరబావి లోయ మీద ఎత్తైన వంతెన కట్టి మరీ. దాని వెనక పెద్ద కారణం కరువు. 1876-78 ధాత కరువులో మద్రాసు, బళ్ళారి, కడప, కర్నూలు వైపు జనం చచ్చిపోయిన తర్వాత 1880లో కరువు కమిషను ఇలాంటి ప్రాంతాలకి లైన్లు వెయ్యమంది. ఆ లైనే అటు గోవాలో మార్మగోవా రేవుకి, ఇటు తర్వాత బందరుకి కలిసింది.

రెండోది నిజాం వైపు నుంచి. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కి లైను పడింది, సికింద్రాబాద్ కంటోన్మెంటుని బొంబాయి లైనుకి కలపాలన్నది ఇంగ్లీషు వాళ్ళ పట్టు, డబ్బు మాత్రం నిజాం ఖజానాది. ఆ తర్వాత దాన్ని తూర్పుకి పొడిగించి లండన్ కంపెనీ చేతిలో పెట్టడానికి 1883లో చాందా రైల్వే స్కీము అని తెచ్చారు. ఆ ఒప్పందం వివరాలు జనానికి చెప్పండి, ఖజానా మీద ఎంత బరువు పడుతుందో చెప్పండి అని హైదరాబాద్‌లో చదువుకున్నవాళ్ళు సభలు పెట్టి గొడవ చేశారు. అందులో ముందున్న అఘోరనాథ్ చటోపాధ్యాయని, సరోజినీ నాయుడు గారి తండ్రి, ఊరొదిలి పొమ్మన్నారు. రైలు ఒప్పందంలో లెక్క అడిగినందుకు మనిషిని ఊళ్ళోంచి తరిమారంటే ఆ లెక్క ఎలాంటిదో మీరే అర్థం చేసుకోండి. కంపెనీ పేరే నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే, గ్యారంటీ అన్న మాటని దాచుకోలేదు కూడా. 1886కి వరంగల్, 1888కి డోర్నకల్ నుంచి ఎల్లందు బొగ్గు గనులకి, 1889కి బెజవాడ. ఎల్లందు బొగ్గు కృష్ణ ఒడ్డుకి దిగింది అన్నమాట. ఇవాళ ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషనుకి సింగరేణి బొగ్గు రేకు, అంటే గూడ్సు బండి, వస్తుంది చూశారూ, అదే దారి. ఆ రేకులు ఎన్నో నేనే తీసుకొచ్చా.

మూడోది సముద్రం పక్కది. 1893 నుంచి 1896 లోపు ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే బెజవాడ నుంచి కటక్ దాకా వేశారు, రాజమండ్రి దగ్గర గోదావరి మీద హేవలాక్ బ్రిడ్జి 1900లో తెరిచారు. 1899కి మద్రాసు వైపూ కలిసిపోయింది. అంటే 1889కి ముందు పట్టా లేని ఊరు పది పన్నెండేళ్ళలో కలకత్తాకి, మద్రాసుకి, హైదరాబాద్‌కి, గుంతకల్లుకి నాలుగు దారుల కూడలి అయింది. కారణం కృష్ణ. బెజవాడ దగ్గర నది రెండు కొండల మధ్య ఇరుకుగా పోతుంది, 1855కి ఆనకట్ట కట్టిందీ అందుకే, రైలు వంతెనా అక్కడే.

ఇక్కడ కాటన్ దొర గురించి ఒక మాట చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. ఆయన రైళ్ళకి పోసే డబ్బు కాలవలకి పొయ్యండి, నీళ్ళూ వస్తాయి పడవలూ తిరుగుతాయి అని మొత్తుకున్నాడు, 1878లో పార్లమెంటు కమిటీ ముందు కూడా అదే వాదించాడు. మన ఏలూరు కాలవ కృష్ణని గోదావరిని కలుపుతుంది కదా, అవతల కొమ్మమూరు కాలవ మీదుగా బకింగ్‌హాం కాలవలోకి దిగితే కాకినాడ నుంచి మద్రాసు దాకా పడవ మీదే పోవచ్చు, మా తాత ఉప్పు, ధాన్యం అలా పోవడం చూశాడు. కాలవకి నీళ్ళొదిలితే రెండు వైపులా పంట, రైలుకి బొగ్గు వేస్తే కంపెనీకి డివిడెండు. ఆయన మాట పూర్తిగా నెగ్గలేదు. నా బతుకంతా రైలు మీదే గడిచినా ఈ విషయంలో ఆయన చెప్పిందే సబబు అనిపిస్తుంది, కనీసం మన డెల్టా వరకు.

కరువు సంగతి కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. 1833లో గుంటూరు కరువప్పుడు, పెద్దాళ్ళు డొక్కల కరువు అనేవాళ్ళు, జిల్లాలో ఉన్న ఐదు లక్షల మందిలో లక్షన్నర పైచిలుకు పోయారు, అప్పుడు రైలు లేదు, పక్క జిల్లా నుంచి గింజలు తెద్దామన్నా బండి ఎడ్లకి మేతే లేదు. అందుకని రైలు ఉంటే బతికేవాళ్ళు కదా అనడం న్యాయమే. కానీ ధాత కరువు నాటికి మద్రాసు నుంచి లైన్లున్నాయి, అయినా యాభై లక్షల మందికి తక్కువ కాకుండా పోయారు. ఎందుకంటే రైలు గింజల్ని ఆకలి ఉన్నచోటికి తీసుకుపోదు, ధర ఉన్నచోటికి తీసుకుపోతుంది. కూలోడి చేతిలో డబ్బు లేదు, వర్తకుడు రేవు వైపు పంపాడు, ఆ ఏళ్ళలోనే ఈ దేశం నుంచి గోధుమలు ఓడలెక్కి ఇంగ్లండు పోయాయి. రైలు పెట్టెకి తప్పు పుణ్యం ఉండదండీ, దాన్ని ఎటు తోలాలో చెప్పేవాడి చేతిలో ఉంటుంది. అప్పుడు చెప్పేవాడు మనవాడు కాదు. సరుకు రేట్లూ అంతే, పత్తి రేవుకి పోతే ఒక రేటు, దేశం లోపల ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోతే అంతకన్నా ఎక్కువ.

ఇక మా నాన్న పని. మొదట్లో డల్హౌసీ కాలంలో ఐదడుగుల ఆరంగుళాల గేజి, 1676 మిల్లీమీటర్లు, దేశమంతా ఒకటే అని పెట్టారు, మంచిదే. 1870లకి డబ్బు సరిపోక వైస్రాయి మేయో ప్రభువు చిన్న గేజి మొదలుపెట్టాడు, అప్పట్లో ఇక్కడ మెట్రిక్ కొలతలు తెద్దామనుకున్నారు కాబట్టి సరిగ్గా ఒక మీటరు. మెట్రిక్ కొలతలు మనకి స్వాతంత్ర్యం వచ్చాకే వచ్చాయి, గేజి మాత్రం అప్పుడే పడిపోయింది. దాంతో గుంతకల్లు వైపు నుంచి గుంటూరు వచ్చేది మీటర్ గేజి, 1916లో తెనాలి మీదుగా రేపల్లెకి వేసింది బ్రాడ్ గేజి. ఒకే స్టేషన్లో రెండు లోకాలు.

షెడ్డు ఎలా ఉండేదంటే, మధ్యలో ప్లాట్‌ఫారం, ఇటు చిన్న బండి, అటు పెద్ద బండి. ఇందులోంచి దింపు, అందులోకి ఎక్కించు. సామాను కొనేవాడూ మారడు, అమ్మేవాడూ మారడు, ఊరూ మారదు, కేవలం పట్టా వెడల్పు మారినందుకు ప్రతి బస్తా మనిషి వీపు మీద పన్నెండు అడుగులు నడవాలి. పత్తి బేళ్ళు, పొగాకు, వేరుశనగ, అన్నిటికన్నా మిరప. మిరప బస్తా మోసిన రోజు నాన్న ఇంటికొచ్చి మాతో మాట్లాడేవాడు కాదు, బావి దగ్గర కూర్చుని మెడ వెనక, చెవుల వెనక మజ్జిగ రాయించుకునేవాడు. అమ్మ రాసేది, నేను చెంబు పట్టుకునేవాణ్ణి. నీళ్ళు పోస్తే ఇంకా మండుతుందని నాకు ఐదేళ్ళకే తెలుసు. చిన్న వ్యాగన్ సరుకు పెద్ద వ్యాగన్‌కి లెక్క సరిపోదు కదా, మిగిలిన బస్తాలు ప్లాట్‌ఫారం మీద పడుండేవి, వానొస్తే తడిసేవి, ఆ నష్టం గురించి వర్తకుడూ గుమాస్తా కొట్లాడుకుంటుంటే హమాలీలు అట్టా నుంచునేవాళ్ళు, కూలి రాదు. లండన్‌లో ఎవరో ఖర్చు మిగులుద్దామని గీసిన గీత, వందేళ్ళ తర్వాత మా నాన్న మెడ మీద మండింది. గుంటూరు గుంతకల్లు లైను బ్రాడ్ గేజికి మారింది 1990ల్లో, అప్పటికి నాన్న లేడు.

ఇప్పుడు తమ్ముడి మొదటి ప్రశ్నకి వస్తున్నా. గుంటూరు నుంచి హైదరాబాద్‌కి మ్యాపులో చూస్తే నేరుగా వాయవ్యానికి పోవాలి, దాచేపల్లి దాటి పొందుగల దగ్గర కృష్ణ దాటితే నల్గొండ. కానీ పొందుగల దగ్గర కృష్ణ అంటే సరిహద్దు, ఇవతల ఇంగ్లీషు జిల్లా, అవతల నిజాం రాజ్యం. డబ్బు వేరు, అక్కడ హాలీ సిక్కా, ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు ఇంగ్లీషు రూపాయలు. సుంకం వేరు, కరోడ్‌గిరి వాళ్ళు మూటలు విప్పి చూసేవాళ్ళు. రైలు కంపెనీలూ వేరు, బెజవాడ దాకా తన లైను మీద సరుకు వస్తుంటే దగ్గరి దారి వేసి తన రాబడి తానే తగ్గించుకునే కంపెనీ ఏముంటుంది, ఇది నేను అనుకునేది. 1930లో గుంటూరు నుంచి మాచర్లకి మీటర్ గేజి వేశారు, అదీ నది ఇవతలే ఆగిపోయింది. అందుకని గుంటూరు మనిషి హైదరాబాద్ పోవాలంటే ముందు బెజవాడ ఎక్కి, అక్కడ మారి, కొండపల్లి, మధిర, ఖమ్మం, డోర్నకల్, వరంగల్, కాజీపేట చుట్టూ తిరిగి చేరాలి. గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఇప్పటికీ ఆ దారినే పోతుంది, 380 కిలోమీటర్ల పైన.

స్వాతంత్ర్యం రాగానే ఇది మారలేదు. 1947లో దేశంలో 42 రైల్వే సంస్థలున్నాయి, ఒక్కోదానికి ఒక్కో రూలు పుస్తకం, ఒక్కో రకం సామాను. మన మద్రాసు అండ్ సదరన్ మరాఠాని 1944లోనే సర్కారు తీసుకుంది, 1951లో సదరన్ రైల్వేలో కలిపారు. నిజాం రైల్వే అదే ఏడాది సెంట్రల్ రైల్వేలోకి పోయింది. దీని అర్థం చూడండి, నిజాం రాజ్యం పోయి, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడి, ఒకే రాష్ట్రమైన తర్వాత కూడా కాజీపేట లైను పెద్దాఫీసు బొంబాయి, గుంటూరు లైను పెద్దాఫీసు మద్రాసు. 1966 అక్టోబర్ 2న సికింద్రాబాద్‌లో సౌత్ సెంట్రల్ రైల్వే పెట్టాకే రెండూ ఒక గొడుగు కిందకొచ్చాయి. నేను చేరినప్పుడు మా పెద్ద క్లర్కులు ఇంకా "నిజాం సైడు బండి" అనేవాళ్ళు, బోర్డు మారి పదేళ్ళు దాటినా.

ఆ తర్వాతే నడికుడి బీబీనగర్ లైనుకి 1974లో శంకుస్థాపన జరిగింది, 1989కి పూర్తయింది. బెజవాడకి నిజాం లైను వచ్చింది 1889లో, సరిగ్గా వందేళ్ళు. దారి వంద కిలోమీటర్ల దాకా తగ్గింది. ఈ లైను ఏ లండన్ వాటాదారుకీ వడ్డీ కట్టి వేసింది కాదు, ఇంజను చిత్తరంజన్‌దో వారణాసిదో, పట్టా భిలాయిది. సింగిల్ లైనే వేశారు, నిజమే, పదిహేనేళ్ళు పట్టింది, అదీ నిజమే, డబ్బు ముక్కలు ముక్కలుగా వచ్చేది. నాకూ కోపమొచ్చేది. కానీ "మనం ఏం చేశాం" అని మీ ఫ్రెండ్ అడిగితే ఈ లైను చూపించండి, గుంటూరు గుంతకల్లు గేజి మార్పు చూపించండి, 1980లో గూడూరు బెజవాడ మధ్య కరెంటు వైర్లు పడటం చూపించండి. వాళ్ళు గీసిన గీతల్ని మన అవసరానికి తిప్పుకోడానికే మనకి ఇంతకాలం పట్టింది.

ఇంకోటి, రైళ్ళ వల్ల మేలే లేదనట్లేదు నేను. 1921లో బెజవాడలో కాంగ్రెస్ కమిటీ సమావేశానికి గాంధీగారు వస్తే అంత జనం దిగింది ఈ పట్టాల మీదే. సైన్యాన్ని, పత్తిని తోలడానికి వేసిన దాని మీద మనవాళ్ళు ఉద్యమాన్ని తోలారు. అది మనవాళ్ళ గొప్ప, కంపెనీది కాదు.

నడికుడి లైను మీద నేను మొదటిసారి సిమెంటు బండి తెచ్చిన రోజు పొందుగల బ్రిడ్జి మీద తెల్లారింది. బ్రేక్ వ్యాన్ వరండాలో నుంచుని కింద కృష్ణని చూస్తున్నా, మామూలు నదే, ఇటు ఒడ్డు అటు ఒడ్డు ఒకేలా ఉంది, బర్రెలు రెండు వైపులా దిగి నీళ్ళు తాగుతున్నాయి.

ఇక సింగిల్ లైను విషయం. గుంటూరు బీబీనగర్ డబ్లింగ్‌కి 2023 ఆగస్టులో కేంద్రం ఒప్పుకుంది, గుంటూరు గుంతకల్లు డబ్లింగ్ అంతకుముందే మొదలైంది. రెండో లైను పడేదాకా ఎదురు బండి వస్తే ఒకటి లూపులో, అంటే స్టేషన్లో పక్క లైన్లో, ఆగాల్సిందే, వేరే మార్గం లేదు. తమ్ముడూ, ఈసారి బండి నడికుడిలో ఆగినప్పుడు కిటికీలోంచి చూడు, మాచర్ల వైపు విడిపోయే లైను కనిపిస్తుంది, నది దాటకుండా ఆగిపోయిందని చెప్పానే, అది అదే.